రూపాయి డాక్టర్ పాలనలో డాక్టరు ఎక్కడ కనబడ్డాడు?

"వైఎస్ రాజశేఖరరెడ్డిని రూపాయి డాక్టర్ అంటారు కదా, ఆయన నిజంగా ఎంతకాలం వైద్యం చేశారు? ముఖ్యమంత్రి అయ్యాక ఆ అనుభవం పనికొచ్చిందా, లేక అది ఎన్నికల కోసం చెప్పుకునే కథేనా?" ఇదీ ప్రశ్న.

దీనికి మామూలుగా రెండు జవాబులు వినబడతాయి. పేదల డాక్టరు కాబట్టే ఆరోగ్యశ్రీ పెట్టాడంటారు కొందరు. నాలుగు రోజుల ప్రాక్టీసుకు నలభై ఏళ్ల ప్రచారమా అంటారు ఇంకొందరు. నేను కడప, అనంతపురం జిల్లాల సరిహద్దులో ఓ చిన్న టౌనులో ముప్పై ఆరేళ్లు ఓపీ చూసినవాణ్ణి. ఆయన్ని దగ్గరగా ఎరగను, ఆయన పార్టీ మనిషినీ కాను. కానీ ఆయన చేసిన పనే నేనూ చేశాను, ఒకసారి ఎన్నికల్లో వేలు పెట్టి కాల్చుకున్నాను కూడా. అందుకే ఆ రెండు జవాబులూ నాకు సగం సగమే అనిపిస్తాయి.

ముందు లెక్క తేల్చేద్దాం. ఆయన పుట్టింది 1949 జులై 8న, జమ్మలమడుగులో. ఎంబీబీఎస్ చదివింది గుల్బర్గా ఎం.ఆర్. మెడికల్ కాలేజీలో. చివరిదాకా వెంట ఉన్న కేవీపీ రామచంద్రరావు దోస్తీ అక్కడిదే. హౌస్ సర్జన్సీ తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో చేశారు. కొన్నాళ్లు జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరు. 1973లో పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరు మీద 70 పడకల ఆసుపత్రి తెరిచారు. 1978లో అక్కడి నుంచే ఎమ్మెల్యే అయ్యారు, అప్పటికి వయసు 28. రెండేళ్లకు మంత్రి. అంటే పూర్తిగా వైద్యమే పనిగా గడిపింది అయిదారేళ్లు. ఆ తర్వాత స్టెతస్కోపు మెడలో ఉందో లేదో గానీ, మనిషి మాత్రం హైదరాబాద్, ఢిల్లీల మధ్య తిరిగాడు. నాలుగుసార్లు కడప ఎంపీ, ఆరుసార్లు పులివెందుల ఎమ్మెల్యే. ఒక్కసారీ ఓడలేదు.

రూపాయి ఫీజు సంగతి కూడా కాస్త నింపాదిగా చూడాలి. ఆ కుటుంబానికి కాంట్రాక్టులున్నాయి, ముగ్గురాయి గనులున్నాయి. ఫీజు మీద ఇల్లు గడవాల్సిన డాక్టరు కాదు. ఇది తక్కువ చేసి చెప్పడం లేదు. ఫీజు మీద బతికే డాక్టరు రూపాయి తీసుకుంటే ఆర్నెల్లకు అద్దె కట్టలేక ఊరు వదిలిపోతాడు, అంతే. అయితే ఆ ఒక్క రూపాయి మాత్రం ఎందుకు? ఊరికే చూడొచ్చుగా? ఇది మందు రాసినవాళ్లకే తెలిసే విషయం. ఊరికే ఇచ్చిన మాత్ర గూట్లో పడి ఉంటుంది. చేతిలో రూపాయి పెట్టి వెళ్లిన రోగి మూడో రోజు తిరిగొచ్చి, "ఏం సామీ, జ్వరం తగ్గలే" అని నిలదీస్తాడు. ఆ రూపాయి డాక్టరు ఆదాయం కాదు, రోగికి అడిగే హక్కు.

ఇక పల్లె ఓపీ మనిషికి ఏం నేర్పుతుందో చెప్తాను. అసలు జవాబు ఉన్నది ఇక్కడే.

నా గదికి తలుపు ఉండేది కాదు, ఒక పచ్చ తెర. ఒకామె వస్తుంది, కడుపులో మంట అంటుంది. నాలుక చూస్తాం, కళ్ల రెప్ప కిందికి లాగి చూస్తాం, పొట్ట నొక్కుతాం, చీటీ రాస్తాం. ఆమె లేచి తెర దాకా వెళ్తుంది. తెర ఎత్తి, ఆ గుడ్డ చేత్తోనే పట్టుకుని వెనక్కి తిరుగుతుంది. "సామీ, మా ఆయన రెండు నెల్ల నుంచి దగ్గుతాండాడు. రమ్మంటే రాడు. గళ్ళ పడితే ఎర్రగా ఉంటాది." ఆమె వచ్చింది దాని కోసం. కడుపులో మంట వంక మాత్రమే. తెర దగ్గర చెప్పే మాటే అసలు జబ్బు అని నాకు అర్థం కావడానికి నాలుగేళ్లు పట్టింది. అంతకుముందు వచ్చినవాళ్లను నేను ఎంతమందిని చీటీ చేతిలో పెట్టి పంపించేశానో తలుచుకుంటే ఇప్పటికీ బాధే.

రాజశేఖరరెడ్డి 2003 ఏప్రిల్ 9న చేవెళ్లలో పాదయాత్ర మొదలుపెట్టి, మండుటెండల్లో రెండు నెలలకు పైగా నడిచి ఇచ్ఛాపురంలో ముగించారు. దాదాపు 1,470 కిలోమీటర్లు. మధ్యలో రాజమండ్రి దగ్గర వడదెబ్బ తగిలి పడిపోయారు కూడా. అప్పుడు టీవీలో చూస్తూ నేను గమనించింది ఉపన్యాసాలను కాదు. ముసలివాళ్లు దగ్గరికొస్తే ఆయన చెయ్యి పట్టుకునే తీరు. మామూలు నాయకుడు అరచెయ్యి పట్టుకుంటాడు, ఊపుతాడు, వదిలేస్తాడు. ఈయన వేళ్లు మణికట్టు మీదికి వెళ్లేవి. అది అలవాటు, నటన కాదు. నాకూ ఉంది, పెళ్లిళ్లలో బంధువుల చేతులు అలాగే పట్టుకుంటానని మా ఆవిడ నవ్వుతుంది. చెయ్యి వదిలే ముందు ఆగి, ఎదుటి మనిషి రెండో మాట చెప్పేదాకా చూడటం కూడా ఓపీ అలవాటే. అయిదేళ్లలో రావడానికి చాలు, ముప్పై ఏళ్లు పోయినా పోదు.

కానీ రాయలసీమ డాక్టరు ఓపీలో నేర్చుకునే రెండో పాఠం ఇంత తీపిగా ఉండదు. మా వృత్తిలో ఎమ్మెల్సీ అంటే శాసనమండలి సభ్యుడు కాదు, మెడికో లీగల్ కేసు. ఊళ్లో గొడవ జరిగితే ఇరు పక్షాలూ ముందు మన దగ్గరికే వస్తాయి. కొడవలి దెబ్బ కుట్టడం తేలిక. కుట్టాక రాసే గాయాల సర్టిఫికెట్టే కష్టం. ఎముక విరిగిందా, పన్ను ఊడిందా, అప్పటి చట్టం లెక్కన ఇరవై రోజులు పని చేసుకోలేని స్థితా? అయితే అది తీవ్ర గాయం, కేసు సెక్షన్ మారిపోతుంది, బెయిల్ కష్టమవుతుంది. లేదంటే మామూలు గాయం. ఆ ఒక్క మాట కోసం అర్ధరాత్రి జీపులొస్తాయి. ఒకడు మా వాడి చెయ్యి విరిగినట్టు రాయమంటాడు, ఇంకొకడు వాళ్లవాడిది విరగనట్టు రాయమంటాడు. ఎక్స్‌రే చూపించి చెప్తే వినరు. నేను ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీలో) ఉన్న రెండేళ్లలో నేర్చుకున్న రాజకీయం, తర్వాత ఎన్నికల్లో నేర్చుకున్నదానికంటే ఎక్కువ. ఈ గడ్డ మీద డాక్టరు పార్టీ కండువా వేసుకున్న రోజున రాజకీయాల్లోకి రాడు, మొదటి సర్టిఫికెట్ రాసిన రోజే వచ్చేస్తాడు. ఆయన కుటుంబాన్ని ప్రత్యర్థులు ఎప్పుడూ ఫ్యాక్షన్ కళ్లతోనే చూశారు. 1998లో ఆయన తండ్రి బాంబు దాడిలోనే చనిపోయారు. రూపాయి డాక్టర్ కథ చెప్పేవాళ్లు ఈ పేజీ తిప్పేస్తారు. అది సరికాదు.

ఇప్పుడు నా కాలిన వేలు సంగతి. 2001లో పెద్దమనుషులు నలుగురు కూర్చోబెట్టి ఎంపీటీసీకి నిలబెట్టారు. "సార్, మీకు పేరు పేరునా అందరూ తెలుసు, ప్రచారం కూడా అక్కర్లేదు" అన్నారు. నిజమే, తెలుసు. ఎవరికి షుగరు, ఎవరికి మూర్ఛ, ఎవరి కోడలికి పిల్లలు నిలవడం లేదు, అన్నీ తెలుసు. నేను ఆలోచించనిది ఒక్కటే. జబ్బులు తెలిసిన మనిషి అవతలి పార్టీలో ఉంటే జనానికి ఎలా ఉంటుంది?

నామినేషన్ వేసిన వారానికి మా కాంపౌండర్ టోకెన్ల డబ్బా చూపించాడు. రోజుకు ఎనభై పోయేవి నలభై అయిదు దగ్గర ఆగుతున్నాయి. అవతలి ఊళ్లవాళ్లు బస్సెక్కి ముప్పై కిలోమీటర్లు పోయి చూపించుకుంటున్నారు. ఒక రాత్రి పొలంలో నీళ్లు కడుతున్న కుర్రాణ్ణి రక్తపింజరి కరిచింది. అన్న బండి మీద ఎక్కించుకుని బయల్దేరాడు. నా క్లినిక్ లైటు వెలుగుతూనే ఉంది. లోపల మందు ఉంది. ఎండిన గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెట్టి, గడ్డ కట్టిందో లేదో చూసి విషానికి విరుగుడు సూది మొదలుపెట్టడం నాకు నిద్రలో కూడా వచ్చు. వాళ్లు నా గుమ్మం ముందు నుంచే దాటిపోయారు, "వాళ్ల డాక్టరు" అని. పెద్ద ఊరికి చేరేసరికి రెండు గంటలు అయింది. ప్రాణం దక్కింది గానీ కిడ్నీలు దెబ్బతిన్నాయి, కొన్ని వారాలు డయాలసిస్ చేయించారు. నేను నూట నలభై ఓట్లతో ఓడిపోయాను. ఓడినందుకు మా ఆవిడ గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టింది. పోయిన రోగులు తిరిగి రావడానికి మూడేళ్లు పట్టింది.

అందుకే డాక్టర్లు రాజకీయాల్లోకి రావచ్చా అని ఎవరైనా అడిగితే, ఓపీ ఏం చేస్తావని నేను తిరిగి అడుగుతాను. భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో దాదాపు పదేళ్లు ప్రాక్టీసు చేసి, పూర్తిగా వదిలేసి స్వాతంత్ర్య ఉద్యమంలోకి వెళ్లారు. 1923లో అక్కడే ఆంధ్రా బ్యాంకు పెట్టారు, 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. వదిలేసి వెళ్లడం శుభ్రమైన దారి. మర్రి చెన్నారెడ్డి కూడా ఎంబీబీఎస్సే, కానీ ఆయన్ని డాక్టరుగా ఎవరూ తలుచుకోరు. తమాషా ఏమిటంటే, రాజశేఖరరెడ్డి మొదటిసారి అసెంబ్లీలో అడుగుపెట్టిన 1978లో ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది ఆ డాక్టరే. పులివెందుల డాక్టరుకు మాత్రం నాకొచ్చిన చిక్కు రాలేదు. ఆ ఊరు దాదాపు ఒకవైపే కాబట్టి రోగులు, ఓటర్లు ఒకరే అయ్యారు. అందరికీ పులివెందుల దొరకదు.

ఇక ప్రశ్నలో రెండో సగం, పాలనలో డాక్టరు కనబడ్డాడా. 2004 మే 14న ప్రమాణం చేసి మొదటి సంతకం పెట్టింది రైతుల ఉచిత కరెంటు మీద, వైద్యం మీద కాదు. జలయజ్ఞం, గనులు, భూముల మీద వచ్చిన ఆరోపణలు వేరే పెద్ద కథ, ఈ ప్రశ్నకు అక్కర్లేదు. వైద్యం వరకు మూడు పేర్లు పట్టుకోవాలి: ఆరోగ్యశ్రీ, 108 అంబులెన్సు, ఊళ్లకు మందులు తెచ్చే 104 బండి. వీటిలో జనం డాక్టరు పని అని చెప్పేది మొదటిది. నా లెక్కలో మాత్రం అది చివరిది.

ఆరోగ్యశ్రీ ఎలా పుట్టిందో చూడండి. గుండె ఆపరేషన్‌కో క్యాన్సర్‌కో డబ్బు లేనివాళ్లు ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని ముఖ్యమంత్రి సహాయ నిధికి వచ్చేవాళ్లు. 2004 మే నుంచి 2007 జూన్ దాకా అలా 55 వేలకు పైగా కేసుల్లో 168 కోట్ల రూపాయలు ఇచ్చారు. రోజూ టేబుల్ మీద గుట్టగా పడే ఆ అర్జీలను ఒక పద్ధతిలో పెట్టడమే ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది, మరుసటి ఏడాదికి రాష్ట్రమంతా వచ్చింది. తెల్ల కార్డు కుటుంబానికి ఏడాదికి రెండు లక్షల దాకా, మొత్తం 942 చికిత్సలు. సిఫార్సు ఉత్తరం అవసరం లేకుండా పోయింది, ఎమ్మెల్యే ఇంటి ముందు పడిగాపులు తప్పాయి. ఒక రాజకీయ నాయకుడు తన తోటి నాయకుల చేతిలోంచి ఆ అధికారాన్ని లాగేయడం చిన్న విషయం కాదు. మా వైపు ఒక బేల్దారి మేస్త్రి కూతురికి గుండెలో రంధ్రం ఉండేది. పైసా లేకుండా హైదరాబాదులో ఆపరేషన్ అయి వచ్చింది. ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. ఆ ఇంట్లో ఆయన ఫోటో దేవుడి పటాల వరసలో ఉంటుంది. నేను దాన్ని వెక్కిరించను.

అయినా అది పల్లె డాక్టరు ఆలోచన కాదు, అర్జీలు చదివిన ముఖ్యమంత్రి ఆలోచన. 1973లో పులివెందుల ఆసుపత్రికి వచ్చినవి ఏమయి ఉంటాయి? విరేచనాలు, జ్వరాలు, తేలు కాట్లు, కాన్పులు, క్షయ. వీటిలో చాలావాటికి అప్పటి ఆరోగ్యశ్రీలో చోటు లేదు. ఆసుపత్రిలో చేరి, కోయించుకునే జబ్బు అయితే కార్డు పనిచేస్తుంది. నెలంతా బీపీ మాత్రలు మింగాలంటే పనిచేయదు. మాత్రలు లేక పక్షవాతం వచ్చి పడిపోతే అప్పుడు పనిచేయొచ్చు. డబ్బులో పెద్ద వాటా ప్రైవేటు ఆసుపత్రులకు వెళ్లింది, మా పీహెచ్‌సీలో బ్యాండేజీ గుడ్డకు కూడా కటకటే. ఇంకో సంగతి కూడా నా కళ్లతో చూశాను. ముప్పై అయిదేళ్లు కూడా నిండని ఆడవాళ్లు గర్భసంచి తీయించుకుని వచ్చేవాళ్లు. ఎందుకమ్మా అంటే, "కార్డుంది కదా సార్, తీసేస్తామన్నారు" అని జవాబు. తర్వాత కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేశారు, కానీ అప్పటికే చాలా కడుపులు కోసేశారు. ఓపీలో రోగి జబ్బు చెప్తాడు, మందు మనం రాస్తాం. రాజకీయంలో మందు వాళ్లే రాసుకొస్తారు, మన సంతకం కోసం. ఆరోగ్యశ్రీలో ఆ రెండో పద్ధతి కాస్త ఎక్కువే ఉంది. ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీ వచ్చినా దాన్ని తీసేయలేదు. పేరు మార్చారు, పరిమితి పెంచారు, అంతే.

108లో డాక్టరు సగం కనబడతాడు. 2005 ఆగస్టు 15న మొదలైంది. అంతకుముందు కాన్పు కష్టమైతే ట్రాక్టరు ట్రాలీలో వరిగడ్డి పరిచి తెచ్చేవాళ్లు. మా దగ్గరికి వచ్చేసరికి గడ్డి ఎర్రబడి ఉండేది. పల్లెలో ప్రాణం పోయేది జబ్బుతో కాదు, దూరంతో. ఒక్క చిన్న ఆసుపత్రి నడిపినా చాలు, ఈ విషయం ఎముకల్లోకి ఎక్కుతుంది. అయితే బండి ఎక్కించుకుని తీసుకెళ్లే చోట డాక్టరు ఉండాలి కదా. అది రెండో సగం.

నా దృష్టిలో ఆయనలోని డాక్టరు పూర్తిగా కనబడింది 104 బండిలో. విచిత్రంగా దాన్ని ఎక్కువమంది తలుచుకోరు. 2008లో మొదలుపెట్టి 475 బండ్లు తిప్పారు. పీహెచ్‌సీకి మూడు కిలోమీటర్లకు పైన ఉన్న ప్రతి ఊరికీ నెలకోసారి, చెప్పిన తేదీకే రావాలి. గర్భిణులను చూడటం, రక్తం మూత్రం పరీక్షలు, బీపీ, షుగరు, మూర్ఛలకు నెల మందులు. కోయడాలు లేవు, ఫోటోలు లేవు, పేపర్లో వార్త లేదు. అచ్చంగా రూపాయి డాక్టర్ ఓపీని చక్రాల మీద పెట్టినట్టు. లోపం ఒకటే, పెద్దదే: బండిలో ఫార్మసిస్టు, ఏఎన్ఎం, ల్యాబ్ మనిషి ఉంటారు, డాక్టరు ఉండడు. మేమందరం దాన్ని ఎగతాళి చేశాం, డాక్టరు లేని ఓపీ అని. కానీ ఆ ఏడాది నా దగ్గరికి పక్షవాతంతో వచ్చేవాళ్లు తగ్గారని నాకు అనిపించింది. లెక్క రాసి పెట్టుకోలేదు, కాబట్టి వాదించను.

2009 సెప్టెంబరు 2న ఆయన బేగంపేటలో హెలికాప్టర్ ఎక్కింది చిత్తూరు జిల్లాలో రచ్చబండ కోసం. పథకాలు అందుతున్నాయో లేదో ఊళ్లో కూర్చుని నేరుగా జనం నోట వినాలనుకున్నారు. రెండోసారి గెలిచిన ముఖ్యమంత్రికి అధికారుల రిపోర్టులకు కొదవేముంది? అయినా తనే వెళ్లి అడగాలనుకోవడం, మందు ఇచ్చిన డాక్టరు వారం తర్వాత మళ్లీ రమ్మని చూడటం లాంటిదే. నల్లమలలో ఏం జరిగిందో అందరికీ తెలుసు.

మరుసటి రోజు ఉదయం వార్త ఖాయమయ్యాక నా క్లినిక్‌కు రెండు రోజులు ఎవరూ రాలేదు. మూడో రోజు మొదటి టోకెన్ తీసుకున్నది 2001లో నాకు వ్యతిరేకంగా ఊరూరా తిరిగిన పెద్దాయన. జీవితంలో ఒక్కసారి కూడా రాజశేఖరరెడ్డికి ఓటు వేయనివాడు. బీపీ చూశాను, చీటీ రాశాను. ఇద్దరం ఆ విషయం ఎత్తలేదు. లేచి, పచ్చ తెర దాకా వెళ్లి, దాన్ని చేత్తో పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"సార్, ఆ 104 బండి ఇంక రాదంటావా?"